మంచు మీద కాలికి పట్టు

సాంచా మీద, అంటే మరమగ్గం మీద, నేసిన బట్ట వెనక్కి జారిపోకుండా ఏది ఆపుతుంది? పడుగు దారాలన్నీ బిగుతుగా వెనక్కి గుంజుతుంటాయి. ముందువైపున ఒక రోలరు మెల్లగా తిరుగుతూ, నేసినంత బట్టను తనవైపు లాక్కుంటుంది. ఆ రోలరు నున్నటి ఇనుముదైతే బట్ట దాని మీద జారుతుంది, పేకకూ పేకకూ మధ్య ఎడం తప్పుతుంది, గుడ్డలో పట్టీలు పడతాయి. అందుకే రోలరుకు గరుకైన ఎమరీ గాని, చిల్లులు పొడిచిన పల్చటి ఉక్కు పట్టీ గాని చుడతారు. చిల్లుల అంచులు పైకి లేచి, తడిమితే ముళ్లలా తగులుతాయి. ఒక్కొక్క మొన ఎంతో చిన్నది. అయినా ప్రతి మొనా పోగుల సందులోకి రవ్వంత దిగుతుంది. అంత బిగువును ఆపుతున్నది ఆ రవ్వంత దిగుడే.

భివండీలోని నార్పోలి, కామత్‌ఘర్, పద్మనగర్ షెడ్లలో ఈ రోలర్లు రాత్రింబవళ్లు తిరుగుతుంటాయి. కరీంనగర్, వరంగల్, నల్లగొండ జిల్లాల నుంచి వచ్చిన మన పద్మశాలి కుటుంబాలు తరాల తరబడి వాటి పక్కనే బతికాయి. ఆ ఇళ్ల పిల్లల్లో కొందరికి ఇప్పుడు కొండల మీద మనసు పడింది. వానాకాలం ఆదివారాల్లో ఆసన్‌గావ్ దగ్గరి మాహులీ కోట ఎక్కుతారు. చించోటి నుంచి మాన్‌కోలి వైపు పోయే రోడ్డు మీద, భివండీ రోడ్ స్టేషన్ దగ్గరి అంజూర్ ఫాటా కూడలిలో కలుసుకుని బయల్దేరుతారు. కొంత అనుభవం వచ్చాక వాళ్ల కన్ను ఉత్తరాఖండ్ వైపు పోతుంది. డిసెంబరులో అక్కడి కేదార్‌కాంఠా శిఖరానికి వెళ్లాలంటే ఏం కొనాలి? బూటు మీద తొడిగే ముళ్ల గొలుసులు ఏవి మంచివి? స్ప్రింగులవి సరిపోతాయా, మొనలున్నవే కావాలా, లేక పర్వతారోహకులు వాడే పెద్ద మొనల క్రాంపాన్లే తీసుకోవాలా?

మంచు పడని ఊరివాళ్లు అడగాల్సిన ప్రశ్నే ఇది. చిన్నప్పటి నుంచి ఐసు మీద నడిచినవాడి కాలికి కొంత తెలివి ఉంటుంది. మన కాలికి అది లేదు కాబట్టి దాని స్థానంలో శాస్త్రం పనిచేయాలి. ఆ శాస్త్రమంతా ఒక్క మాటలో చెప్పవచ్చు: మామూలు నేల మీద బూటు అడుగు ఎంత ఎక్కువ మేర తాకితే అంత మంచిది, ఐసు మీద బరువు ఎంత తక్కువ చోట పడితే అంత మంచిది. ఏ తొడుగు ఎక్కడ పనికొస్తుందో, ఎక్కడ మోసం చేస్తుందో ఈ మాట నుంచే తేలుతుంది. గాజులా గట్టిపడినదాన్ని ఇకమీదట ఐసు అని, తెల్లగా రాలి పేరుకున్నదాన్ని మంచు అని అంటాను. కాలి కింద రెండూ వేరువేరుగా నడుచుకుంటాయి.

రబ్బరు చేసే పని

రబ్బరు మెత్తనిది. బరువు పడగానే నేలలోని గుంటల్లోకి, గరుకుల చుట్టూ ఒదిగిపోతుంది. ఒదిగినచోట రబ్బరు అణువులకూ నేలకూ మధ్య అంటుడు ఏర్పడుతుంది. పైగా గరుకుల మీదుగా రబ్బరు జరగాలంటే అది ప్రతిసారీ వంగి లేవాలి, ఆ వంగడంలో కొంత శక్తి ఖర్చవుతుంది. ఈ రెండూ కలిసినదే బూటు పట్టు.

కొండబూటు అడుగున కనిపించే లోతైన గాళ్ల వెనక ఒక విషాదం ఉంది. 1935లో ఆల్ప్స్‌లోని పుంటా రాసికా శిఖరం మీద తుఫానులో చిక్కుకుని ఇటలీ పర్వతారోహకుడు విటాలే బ్రమానీ సహచరులు ఆరుగురు చనిపోయారు. రాతి మీద ఎక్కడానికి అనువైన పల్చటి చెప్పులు ఐసు మీద, చలిలో వాళ్లను కాపాడలేకపోయాయి. రాతికీ మంచుకూ ఒకే బూటు పనికిరావాలన్న పట్టుదలతో బ్రమానీ 1937లో గాళ్లున్న రబ్బరు అడుగును తయారుచేశాడు. అతని పేరులోంచి పుట్టినదే వైబ్రమ్. 1954లో కె2 శిఖరాన్ని మొదటిసారి ఎక్కిన ఇటలీ బృందం ఆ అడుగులున్న బూట్లే వేసుకుంది.

గాళ్లు నీటినీ బురదనూ పక్కకు తోసి, రబ్బరును గట్టి నేల దాకా చేరుస్తాయి. వదులు మంచులో అవి దిగబడి మెట్టులా నిలుస్తాయి. అయితే రబ్బరుకు ఒక షరతు ఉంది, దానికీ నేలకూ మధ్య ద్రవపు పొర నిలవకూడదు. మాహులీ దారిలో నాచు పట్టిన నల్లరాయి మీద కాలు జారేది అందుకే. సాంచా కింద నూనె కారిన గచ్చు మీద జారేదీ అందుకే. వాన తెరిపిస్తే రాయి ఆరుతుంది, నూనెను తుడిచేయవచ్చు. ఐసుతో చిక్కు ఏమిటంటే ఆ పొరను అది తనకు తానే తయారుచేసుకుంటుంది.

ఐసు ఎందుకు జారుతుంది

ఈ ప్రశ్న చాలా పాతది. 1850లో మైకేల్ ఫారడే రెండు ఐసు ముక్కల్ని ఒకదానికొకటి ఆనిస్తే అతుక్కుపోవడం గమనించాడు. ఐసు ఉపరితలం మీద ఎప్పుడూ ఒక పల్చటి నీటిపొర ఉంటుందనీ, రెండు ముక్కల మధ్య చిక్కిన ఆ పొర గడ్డకట్టి వాటిని అతుకుతుందనీ ఊహించాడు. ఆ ఊహను చాలాకాలం ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు.

దానికి బదులు ఒత్తిడి సిద్ధాంతం పాఠ్యపుస్తకాలకెక్కింది. ఒత్తిడి పెరిగితే ఐసు కరిగే ఉష్ణోగ్రత తగ్గుతుంది. స్కేటింగ్ బూటు అంచు కింద ఐసు ఇలాగే కరిగి జారుతుందని 1886లో జాన్ జోలీ ప్రతిపాదించాడు. లెక్క వేసి చూద్దాం. కరిగే స్థానాన్ని ఒక్క డిగ్రీ దించాలంటే వాతావరణ పీడనానికి సుమారు 135 రెట్ల ఒత్తిడి కావాలి. 60 కిలోల మనిషి ఒంటికాలి మీద నిలబడితే, బూటు అడుగు 200 చదరపు సెంటీమీటర్లు అనుకుంటే, చదరపు సెంటీమీటరుకు పడే బరువు 300 గ్రాములే. ఆ ఒత్తిడి కరిగే స్థానాన్ని డిగ్రీలో వెయ్యోవంతులు రెండు మూడు మాత్రమే దించగలదు. మైనస్ 10 డిగ్రీల చలిలో మన బూటు కింది ఐసును కరిగించేది ఒత్తిడి కాదని ఈ లెక్కే చెబుతుంది.

1939లో బౌడెన్, హ్యూజ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు రాపిడి వేడి వల్ల నీరు పుడుతుందని ప్రయోగాలతో చూపించారు. వేగంగా సాగే స్కేట్లకూ స్కీలకూ ఈ వివరణ బాగా సరిపోతుంది. కదలకుండా నిలబడ్డ మనిషి కూడా జారుతున్నాడంటే మాత్రం వేడి పుట్టకముందే అక్కడ ఏదో ఉండాలి. ఫారడే ఊహ తిరిగి లేచింది ఇక్కడే.

ఐసు లోపల ప్రతి నీటి అణువూ నాలుగు పొరుగు అణువులతో బంధాలు పెట్టుకుని స్థిరంగా ఉంటుంది. పైపొరలోని అణువులకు పైన పొరుగువాళ్లు లేరు. కొన్నింటికి మూడు బంధాలుంటే, కొన్నింటికి రెండే ఉంటాయి. రెండు బంధాల అణువులు ఒకచోట నిలవక ఉపరితలం మీద దొర్లుతూ తిరుగుతాయి. 2018లో ఆమ్‌స్టర్‌డామ్, మైంజ్ నగరాల పరిశోధకులు సున్నా నుంచి మైనస్ 100 డిగ్రీల దాకా ఐసు మీద ఉక్కు జారుడును కొలిచారు. మైనస్ 100 దగ్గర రాపిడి చాలా ఎక్కువ. చలి తగ్గేకొద్దీ దొర్లే అణువులు పెరిగి రాపిడి పడిపోతూ వచ్చింది. మైనస్ 7 దగ్గర అది అన్నిటికన్నా తక్కువ. అక్కడి నుంచి సున్నా వైపు పోతే ఐసు మెత్తబడి, ఉక్కు దానిలోకి దిగి దున్నడం మొదలుపెట్టి, రాపిడి మళ్లీ పెరిగింది.

ఆఖరి వాక్యం మనకు అక్కరకొచ్చేది. పైపొర జారుడుగా ఉన్నా, గట్టి వస్తువు ఐసులోకి దిగితే జారుడు తగ్గుతుంది. పైపొరతో తగువు పెట్టుకోవడం వృథా, దాన్ని దాటి లోపలికి దిగడమే మార్గం.

మొన మీద పడే బరువు

చదునైన నేల మీద మామూలుగా నడవాలంటే బూటుకూ నేలకూ మధ్య రాపిడి గుణకం సుమారు 0.2 ఉండాలి. పొడి కాంక్రీటు మీద రబ్బరుకు అంతకు మూడు నాలుగు రెట్లు దొరుకుతుంది. కరిగే దశలో ఉన్న తడి ఐసు మీద అది 0.05 దాకా, ఒక్కోసారి ఇంకా కిందికి పడిపోతుంది. గుణకం 0.05 అయితే మూడు డిగ్రీల వాలు మీద నిలబడ్డ మనిషి కూడా జారడం మొదలుపెడతాడు. మూడు డిగ్రీల వాలును మామూలు నేల మీద మనం వాలుగా గుర్తించనే గుర్తించం.

ఇప్పుడు అదే బూటు కింద పన్నెండు ఉక్కు మొనలు పెట్టి, ఒక్కొక్క మొన కొస ఒక చదరపు మిల్లీమీటరు అనుకుందాం. 60 కిలోలు పన్నెండు మొనల మీద పంచుకుంటే చదరపు మిల్లీమీటరుకు 5 కిలోలు, అంటే చదరపు సెంటీమీటరుకు 500 కిలోలు. రబ్బరు అడుగు కింద ఉన్న ఒత్తిడికి ఇది వెయ్యిన్నర రెట్ల పైమాటే. సున్నాకు కొద్దిగా దిగువనున్న ఐసు చదరపు మిల్లీమీటరుకు సుమారు ఒకటి రెండు కిలోల దగ్గరే నలగడం మొదలవుతుంది. కాబట్టి మొన దిగుతుంది. దిగేకొద్దీ దాని మందం పెరిగి, ఒత్తిడి తగ్గి, ఒకచోట ఆగుతుంది. అక్కడి నుంచి కాలు జారాలంటే మొన ముందున్న ఐసు గోడ పగలాలి. రోలరు మీది ఉక్కు పట్టీ బట్టను ఆపినట్టే, ఇక్కడ నిలబెట్టేది జిగట కాదు, అడ్డం.

అడుగు వేసేటప్పుడు మడమ ముందు ఆనుతుంది. ఆ క్షణాన మడమ కింది మొనలు మూడో నాలుగో మాత్రమే నేలను తాకుతాయి, బరువంతా వాటి మీదే పడుతుంది. నడకలో ప్రమాదకరమైన జారుడు కూడా సరిగ్గా ఆ క్షణంలోనే జరుగుతుంది. అందుకే మడమ కింద మొనలు లేని తొడుగులు, అంటే పాదం మధ్యలో ఒక్క పట్టీగా కట్టుకునేవి, దారి పొడుగునా నడవడానికి పనికిరావు.

ముళ్లతో ఐసు ఎక్కడం కొత్త సంగతి కాదు. బూటు అడుగున మేకులు కొట్టుకోవడం యూరప్ కొండల్లో పాత అలవాటు. 1908లో ఆస్కార్ ఎకెన్‌స్టైన్ పది మొనల క్రాంపాన్ రూపొందించాడు, ఇటలీలోని కూర్మాయోర్ ఊరి కమ్మరి ఆన్రీ గ్రివెల్ దాన్ని తయారుచేశాడు. 1929లో గ్రివెల్ కొడుకు లోరాన్ ముందుకు పొడుచుకొచ్చే రెండు మొనలు కలిపాడు. నిట్టనిలువు ఐసు గోడ ఎక్కడం వాటితో తేలికైంది. ఈ శతాబ్దపు మొదటి దశాబ్దంలో బూటు మీద చేత్తో లాగి తొడుక్కునే రబ్బరు పట్టీ, గొలుసు, పొట్టి మొనల కలయిక మార్కెట్లోకి వచ్చి, పర్వతారోహణ నేర్వని నడకవాళ్లకు కూడా ఐసు దారి తెరిచింది.

నాలుగు రకాలు, నాలుగు నేలలు

మొదటి రకం ఉక్కు తీగ చుట్లు. రబ్బరు వల మీద స్ప్రింగులా చుట్టిన తీగ బూటు కింద అడ్డదిడ్డంగా ఉంటుంది. తీగ పక్కవాటుగా ఆనుతుంది కాబట్టి బరువు గీతలా పరుచుకుంటుంది. తొక్కి గట్టిపడ్డ మంచులోకి ఇది దిగుతుంది, గాజులాంటి ఐసులోకి పెద్దగా దిగదు. చదునైన ఊరి దారులకు ఇది చాలు. షికాగోలో, మిన్నియాపొలిస్‌లో, టొరంటోలో పిల్లల దగ్గరికి చలికాలంలో వెళ్లే మన అమ్మానాన్నలు ఇంటి ముందు నుంచి కారు దాకా, కారు నుంచి గుడి దాకా నడిచే దారికి ఇదే తగినది. అమెరికాలోని విస్కాన్సిన్‌లో 65 ఏళ్లు పైబడి, పడిపోయే ప్రమాదం ఎక్కువున్న 109 మందితో జరిగిన అధ్యయనం 2005లో వెలువడింది. ఇలాంటి చుట్ల తొడుగు వాడినవాళ్లలో బయట పడిపోవడాలు సగానికి పైగా తగ్గాయి. ఆ వయసులో ఒక్క తుంటి ఎముక విరిగితే జీవితం ఎలా మారిపోతుందో తెలిసినవాళ్లెవరూ దీన్ని చిన్న వస్తువని అనరు. కొండదారికి మాత్రం ఇది చాలదు. వాలు మీద అడ్డంగా నడిచేటప్పుడు వల పక్కకు జరుగుతుంది, రాళ్ల మీద తీగ తెగుతుంది.

రెండో రకం పొట్టి ముళ్ల గొలుసు. ట్రెక్కింగ్‌వాళ్ల నోట మైక్రోస్పైక్స్ అని, ఒక్కోసారి పొరపాటున క్రాంపాన్లు అని వినిపించేది ఇదే. బూటు చుట్టూ సాగే రబ్బరు పట్టీ, దాని కింద గొలుసులు, గొలుసులకు సుమారు సెంటీమీటరు పొడవు మొనలు. ఉత్తరకాశీ జిల్లా సాంక్రీ ఊరి నుంచి కేదార్‌కాంఠా పోయే దారి దీనికి తగిన నేల. శిఖరం ఎత్తు సుమారు 3,800 మీటర్లు. వందలమంది బూట్లు తొక్కిన మంచు పగటి ఎండకు పైపైన కరిగి, రాత్రి చలికి గడ్డకట్టి, తెల్లవారేసరికి ఐసు కాలువలా తయారవుతుంది. శిఖరానికి బయల్దేరేది చీకటితోనే కనుక సరిగ్గా అది గట్టిగా ఉన్న వేళలోనే దాని మీద నడవాలి. ఎక్కేటప్పటికన్నా దిగేటప్పుడు ఈ మొనల విలువ ఎక్కువ తెలుస్తుంది.

మూడో రకం చట్రమున్న నడక క్రాంపాన్. మొనలు రెండు సెంటీమీటర్ల దాకా ఉంటాయి, గొలుసుకు బదులు మధ్యలో కీలున్న లోహపు చట్రం ఉంటుంది. గొలుసులా అటూ ఇటూ జరగదు కాబట్టి వాలుకు అడ్డంగా నడిచేటప్పుడు నమ్మకంగా ఉంటుంది. మొనలు పొడవు కనుక ఎండకు మెత్తబడ్డ పైమంచును దాటి కింది గట్టి పొరను అందుకుంటాయి. రాళ్లు తరచుగా తగిలే దారిలో మాత్రం అదే పొడవు ఇబ్బంది పెడుతుంది, మడమ ఎత్తులో నిలబడి చీలమండ మడతపడే ప్రమాదం ఉంటుంది.

నాలుగోది పర్వతారోహకుల క్రాంపాన్. పది లేక పన్నెండు పెద్ద మొనలు, ముందుకు పొడుచుకొచ్చే కొమ్ములు ఉంటాయి. దీనికి వంగని అడుగున్న బూటు కావాలి. మెత్తటి బూటుకు కడితే అడుగు వంగినప్పుడల్లా క్రాంపాన్ వదులై ఊడిపోతుంది. చేతిలో ఐసు గొడ్డలి ఉండాలి, జారితే దాంతో తనను తాను ఆపుకోవడం వచ్చి ఉండాలి. ఇది బజారులో కొనుక్కుని వాడే వస్తువు కాదు. డార్జిలింగ్‌లో 1954లో మొదలైన హిమాలయన్ మౌంటెనీరింగ్ ఇన్‌స్టిట్యూట్, ఉత్తరకాశీలో 1965లో మొదలైన నెహ్రూ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మౌంటెనీరింగ్ వంటి చోట్ల నెల రోజులకు దగ్గరగా సాగే ప్రాథమిక కోర్సులో దీని నడక నేర్పుతారు.

అలాంటి శిక్షణతోనే నిజామాబాద్ జిల్లా పాకాల గ్రామపు మాలావత్ పూర్ణ, అప్పటి ఖమ్మం జిల్లా చర్ల ప్రాంతపు సాధనపల్లి ఆనంద్ కుమార్ 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కారు. అప్పటికి పూర్ణకు పదమూడేళ్ల పదకొండు నెలలు. ఇద్దరూ గురుకుల పాఠశాలల విద్యార్థులు. వాళ్ల కొండ పాఠాలు మొదలైంది భువనగిరి ఏకశిల మీద. ఎండకు కాగిన ఆ రాతి మీద రబ్బరే రాజు. ఆ తర్వాత డార్జిలింగ్‌లో, లద్దాఖ్‌లో మంచు నడక నేర్చుకున్నారు. ఒక నేల మీద నేర్చిన కాలు మరో నేల మీద మళ్లీ ఓనమాల నుంచి నేర్చుకోవాలి. వాళ్లు ఎక్కిన టిబెట్ వైపు దారిలో, పైభాగాన, క్రాంపాన్లు తొడుక్కునే రాతి మెట్లు ఎక్కాల్సిన చోట్లున్నాయి. శిక్షణ అక్కరకొచ్చేది అలాంటి చోటే.

చలి, తడి, రాయి

ఇంతవరకు చెప్పిన సూత్రానికి మూడు హద్దులున్నాయి.

మొదటిది చలి. మైనస్ 7కు దిగువన చలి పెరిగేకొద్దీ ఐసు జారుడు తగ్గుతుంది, అదే సమయంలో గట్టిదనం పెరుగుతుంది. మైనస్ 5 దగ్గర తేలికగా దిగిన మొన మైనస్ 25 దగ్గర పైపైనే గీరుకుపోవచ్చు. లద్దాఖ్‌లో జనవరి, ఫిబ్రవరి నెలల్లో గడ్డకట్టే జన్‌స్కార్ నది మీద చాదర్ నడకకు వెళ్లేవాళ్లకు ఈ తేడా బాగా తెలుస్తుంది. అంత చలిలో మొద్దుబారిన మొన ఉన్నా లేనట్టే. మొనలకు పదును పెట్టాలంటే ఆకురాయితో చేత్తో రుద్దాలి. గ్రైండరు పెడితే ఆ వేడికి ఉక్కు గట్టిదనం పోతుంది. సాంచాలు బాగుచేసే జాబర్లకు ఈ సంగతి ఎవరూ చెప్పనక్కరలేదు.

రెండోది తడి మంచు. సున్నాకు దగ్గరగా ఉన్న మంచు రేణువులు నొక్కితే ఒకదానికొకటి అతుక్కుంటాయి. ఫారడే చూసిన అతుకుడే ఇది. మధ్యాహ్నపు మెత్తటి మంచులో నడిస్తే మొనల మధ్య, గొలుసుల కింద మంచు ముద్దకట్టి, కాసేపటికి మొనల కన్నా మందంగా తయారవుతుంది. అప్పుడు కాలి కింద ఉన్నది ఉక్కు కాదు, మంచు బంతి. మంచు మీద మంచు జారినట్టు కాలు జారుతుంది. పెద్ద క్రాంపాన్ల కింద మంచు అంటని రబ్బరు పలకలు పెట్టేది ఇందుకే. గొలుసు రకం వాడేవాళ్లు కొన్ని అడుగులకొకసారి చేతికర్రతో బూటు పక్కన తట్టి ముద్దలు రాల్చుకోవాలి. ముద్ద ఆగకుండా కడుతుంటే, వాలు తక్కువగా ఉంటే, తొడుగు తీసేసి బూటు గాళ్ల మీద నడవడమే మేలు.

మూడోది రాయి. రాయి ఐసులా మెత్తనిది కాదు, మొన దిగడానికి అక్కడ చోటు లేదు. దిగని మొన మీద నిలబడటమంటే ఉక్కు మీద జారడమే. మాహులీ నల్లరాతి మీద వానలో ఈ ముళ్లు వేసుకుంటే రబ్బరు ఇచ్చే కొద్దిపాటి పట్టు కూడా పోతుంది. ఇళ్ల లోపలి గచ్చు, దుకాణాల టైల్స్, రైలు మెట్లు అన్నీ ఇదే లెక్క. అమెరికాలో దుకాణం గుమ్మం దగ్గర చుట్లు తీసేయమని పెద్దవాళ్లకు చెప్పడం మరిచిపోకూడదు. రాతి మీద వాడకం వల్ల మొనలు కూడా త్వరగా అరుగుతాయి.

తొడుగే లేనప్పుడు ఒక పాత ఉపాయం ఉంది. న్యూజీలాండ్‌లోని డనెడిన్ నగరంలో ఐసు పట్టిన వాలు దారుల మీద బూటు పైన మేజోడు తొడుక్కుంటే జారుడు తగ్గుతుందా అని పరిశోధకులు పరీక్షించారు. తగ్గుతుందని 2009లో ప్రచురించారు. నవ్వించి ఆలోచింపజేసే పరిశోధనలకు ఇచ్చే ఇగ్ నోబెల్ బహుమతి 2010లో దానికి వచ్చింది. గుడ్డ తడిని పీల్చుకుంటుంది, గరుకైన నేత ఐసును నున్నటి రబ్బరు కన్నా మెరుగ్గా పట్టుకుంటుంది. అర్ధాంతరంగా ఐసు ఎదురైనప్పుడు నాలుగు అడుగులు దాటడానికి పనికొచ్చే జాగ్రత్త ఇది. కొండదారికి దీన్ని నమ్ముకోకూడదు.

బూటు, పట్టీ, కొలత

మొన ఎంత మంచిదైనా బూటుతో కలిసి కదలకపోతే వ్యర్థం. ఐసులో దిగిన మొన ఒకచోట ఆగితే, వదులు పట్టీలో బూటు మరోచోటికి జరుగుతుంది. జారడమంటే అదీ జారడమే. అందుకే కొలత బూటుకు తీసుకోవాలి, పాదానికి కాదు. కొండబూటు మామూలు చెప్పు కన్నా లావు కనుక, కొనేచోటికి బూటు పట్టుకుపోయి తొడిగి చూడాలి. గొలుసులు వేలాడకూడదు, మొనలు బూటు అంచు దాటి బయటికి రాకూడదు, ముందు పట్టీ వేళ్లను నొక్కకూడదు. మెత్తగా వంగే నడక బూటుకు గొలుసు రకం బాగా ఒదుగుతుంది. చట్రం రకానికి కొంచెం గట్టి అడుగు కావాలి.

పట్టీ దేనితో చేశారో చూడాలి. మంచి రబ్బరు గట్టి చలిలోనూ సాగుతుంది. చవక ప్లాస్టిక్ పట్టీలు చలికి బిరుసెక్కి, గొలుసు తగిలించిన చిల్లు దగ్గర చిరుగుతాయి. ఆ చిల్లులకు బలమైన అంచు ఉందా, గొలుసు లింకుల అతుకులు వెల్డింగ్ చేశారా, వట్టిగా వంచి వదిలేశారా అన్నది వేలితో తడిమితే తెలుస్తుంది. కొండ మీద తెగేది ఎప్పుడూ ఆ రెండుచోట్లే. ట్రెక్కింగ్ సంస్థలు అద్దెకిచ్చే జతలను కూడా తీసుకున్న రోజే ఇలా తడిమి చూడాలి. రెండు పెద్ద ప్లాస్టిక్ క్లిప్పులు, కొంచెం తీగ సంచిలో ఉంటే తెగిన గొలుసును ఊరు చేరేదాకా కట్టుకోవచ్చు.

చేతి తొడుగులతోనే వేసుకోవడం, తీయడం ఇంట్లోనే సాధన చేయాలి. చలిలో వేళ్లు మొద్దుబారాక, వాలు మీద ఒంటికాలిపై నిలబడి నేర్చుకునే పని కాదిది. ఐసు మొదలయ్యాక కాదు, మొదలవబోయే చదును దగ్గరే ఆగి వేసుకోవాలి. వేసుకున్నాక పాదాల మధ్య కాస్త ఎడం ఉంచి నడవాలి, లేకుంటే ఒక కాలి మొన రెండో కాలి ప్యాంటులో చిక్కి మనిషి ముందుకు పడతాడు. అడుగులు చిన్నవిగా వేయాలి. పెద్ద అడుగులో కాలు నేలను ఏటవాలుగా తోస్తుంది, చిన్న అడుగులో బరువు నిటారుగా దిగుతుంది. పాదాన్ని వాలుకు సమాంతరంగా పరిచి, మొనలన్నీ ఒకేసారి ఆనేలా దించాలి. రబ్బరు బూటుతో మనం అంచు మీద నిలబడటానికి అలవాటుపడ్డాం. ముళ్లతో అదే అలవాటు సగం మొనలను గాలిలో ఉంచేస్తుంది. తిరిగి వచ్చాక తుడిచి, నీడలో ఆరబెట్టి దాచాలి.

కొనేముందు అడగాల్సినవి

నేల ఏది? తొక్కిన మంచా, ఐసా, మోకాలి లోతు పొడిమంచా? పొడిమంచులో ముళ్లు దిగి ప్రయోజనం లేదు, అక్కడ బరువును పరిచే వెడల్పాటి మంచుచెప్పులు కావాలి. మధ్యలో రాయి ఎంత? రాయీ ఐసూ కలగలిసిన దారికి వెంటనే వేసి తీయగల పొట్టి ముళ్లే అనువు. చలి ఎంత? మధ్యాహ్నం మంచు మెత్తబడే దారా, రోజంతా గట్టిగా ఉండే దారా? వాలు ఎంత? 25 నుంచి 30 డిగ్రీల దగ్గరికి వచ్చేసరికి పొట్టి ముళ్ల పని అయిపోయినట్టే. అక్కడ మొన సగమే దిగుతుంది, గొలుసు పక్కకు లాగుతుంది.

ఈ నాలుగింటికీ జవాబులు దొరికాక ఐదో ప్రశ్న ఉంటుంది, ఎక్కువమంది అడగనిది అదే. జారితే నేను ఎక్కడ ఆగుతాను? కింద చదునైన మైదానం, మెత్తటి మంచు ఉంటే ఒక జారుడు బట్టలు తడిసి ముగుస్తుంది. కింద బండలో లోయో ఉంటే అదే జారుడు ప్రాణం తీస్తుంది, వాలు పదిహేను డిగ్రీలే అయినా సరే. తొడుగు జారే అవకాశాన్ని తగ్గిస్తుంది. జారాక మనిషిని ఆపే శక్తి దానికి లేదు. ఆ పని ఐసు గొడ్డలిది, తాడుది, శిక్షణది. ఆ మూడూ లేని మనిషి అలాంటి చోటికి వచ్చినప్పుడు కాళ్లకు ఎంత ఖరీదైన ముళ్లున్నా వెనక్కి తిరగాలి. బృందంలో అందరికన్నా అనుభవం తక్కువున్నవాళ్లు ఆ మాట పైకి అనగలగాలి, నాయకుడు దాన్ని వినాలి. నాలుగు ప్రశ్నలకు జవాబు దుకాణంలో దొరుకుతుంది. ఐదోదానికి వాలు అంచున నిలబడి, కిందికి చూసి, ఎవరికి వాళ్లే జవాబు చెప్పుకోవాలి.